రెండు గదుల ఇంట్లో ఇరవై ఏడుగురు పిల్లలు

పరిశోధన చేసేవాళ్ళంటే నాకు చిన్నచూపు లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివినాక మీరెలాగూ నమ్మరు. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో పనిచేసినాను. అందులో పదకొండేళ్ళు ఖరగ్‌పూర్లో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌ని. వెల్ఫేర్ అంటే సంక్షేమం అని మీకు బళ్ళో చెప్పుంటారు. మా కాలనీలో దాని అర్థం వేరు. కుళాయి రాకపోతే నేను, కప్పు కారితే నేను, మొగుడు తాగొచ్చి కొడితే నేను, ఆ మొగుణ్ణి పెళ్ళాం తిరిగి కొడితే వాడి తరఫున కూడా నేనే. వీటికి తోడు కాలేజీల నుంచీ యూనివర్సిటీల నుంచీ పర్మిషన్ కాగితం పట్టుకొచ్చే ప్రతివాడినీ కాలనీలో తిప్పి చూపించే పని కూడా నా నెత్తినే పడింది.

ఎవరి పేర్లూ రాయను. కొందరు పోయినారు, వాళ్ళ జోలి నాకెందుకు. కొందరు ఇంకా ఉన్నారు, వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు.

మా ఊరికి అంతమంది పరిశోధకులు ఎందుకొచ్చేవారంటే కారణం చాలా సింపుల్. కలకత్తాలో పొద్దున్న లోకల్ ఎక్కితే టిఫిన్ వేళకి మా దగ్గర దిగొచ్చు. సాయంత్రం లోకల్‌కి ఇంటికి పోయి అమ్మచేతి చేపలకూర తినొచ్చు. ఆ మధ్యలో తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు, బీహారీలు అందరూ ఒక్క మైలు లోపలే దొరుకుతారు. ఇంతకంటే ఏటి కావాలి?

ఎకనామిక్స్ వాడొకడు వచ్చి గోల్‌బజార్లో చేపలు బేరమాడే ఆడవాళ్ళ వెనకాల నెల్లాళ్ళు తిరిగినాడు. ఎవరు ఎన్నిసార్లు వెళ్ళిపోతున్నట్టు నటించి వెనక్కొస్తారో రాసుకున్నాడు. ఓ రోజు మా క్వార్టర్ల లైన్లో ఒకావిడ వాడి కాలరు పట్టుకుని పోలీసుని కేకేసింది. నేనెళ్ళి విడిపించుకొచ్చినాను. ఎడ్యుకేషన్ వాడింకొకడు, ఎడంచేత్తో రాసే పిల్లలెంతమందో చూడాలన్నాడు. అలాంటి పిల్లలకి తలా ఒక పెన్సిలు ఇస్తానన్నాడు. వారం తిరక్కుండా కాలనీ పిల్లలందరికీ ఎడంచేతివాటం వచ్చేసింది. ఆర్ట్స్ నుంచి వచ్చిన అమ్మాయి మా ఆడవాళ్ళ ముగ్గులనీ, బెంగాలీవాళ్ళ అల్పనలనీ ఫొటోలు తీసింది. ఫొటో అనగానే మావాళ్ళు పోటీలు పడి, జన్మలో వేయనంత ముగ్గులు వేసి, రిక్షా పోవడానికి జాగా లేకుండా చేసినారు. అది ఆ అమ్మాయి పుస్తకంలో మా రోజువారీ ఆచారమని పడిందట.

ఇవన్నీ చూసి కూడా నేర్చుకోవలసింది నేను నేర్చుకోలేదు. అడిగేవాడు ఎవడో, వాడి పక్కన నిలబడ్డవాడు ఎవడో చూసుకున్నాకే మనిషన్నవాడు జవాబు చెప్తాడు. పెన్సిలిస్తానంటే ఒక జవాబు, ఫొటో తీస్తానంటే ఇంకొక జవాబు. నాలాంటివాడు పక్కన నిలబడితే అసలు జవాబే ఉండదు. మీలో ఎవరైనా ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే చదువు చదువుతుంటే, నా ఈ కథ వినండి.

ఎనభైల నడిమి సంగతి. ఒక్క చలికాలంలోనే ముగ్గురు దిగినారు.

మొదటాయన కలకత్తా ఎకనామిక్స్ ఆయన. కార్మికుల ఇళ్ళల్లో ఏం తింటారు, ఎంత తింటారు అన్నది ఆయన సబ్జెక్టు. చిన్న కాటా ఒకటి చేత్తో పట్టుకుని తిరిగేవాడు. ఆదివారం పొద్దున్నే ఇంటికొచ్చి బియ్యం డబ్బా తూచి, మళ్ళీ ఆదివారం వచ్చి తూచేవాడు. కాలనీవాళ్ళు ఆయనకి బియ్యం దాదా అని పేరు పెట్టినారు. రెండో మనిషి ఎడ్యుకేషన్. ముప్పై దాటని బెంగాలీ అమ్మాయి, నేత చీర, భుజాన గుడ్డసంచీ, అందులో దిండు మందాన ఫారాలు. ఏ భాషలో చదివే పిల్లలు నిలుస్తున్నారు, ఏ భాషలో చదివేవాళ్ళు మానేస్తున్నారు అన్నది ఆవిడ గొడవ. ఆవిడ ఫారాల దీదీ. మూడోవాడు మనవాడే, విశాఖపట్నం నుంచి. పిల్లలు ఆటల్లో పాడుకునే పాటలు పోగుచేస్తానన్నాడు. టేపురికార్డరు, బిస్కెట్ పొట్లాలు తప్ప చేతిలో ఇంకేమీ లేవు. టేపు మాస్టారన్నారు. పాటలు పోగుచేస్తే కూడా డాక్టరేట్ ఇస్తారా అని మా హెడ్ క్లర్కు నాలుగు రోజులు నవ్వినాడు.

బియ్యం దాదా, టేపు మాస్టారు తమ దారిన తాము తిరిగినారు. దీదీతో మాత్రం నేనే ఇల్లిల్లూ వెళ్ళినాను. ఎందుకంటే ఆవిడకి తెలుగు రాదు, పైగా పర్మిషన్ ఇచ్చిన ఆఫీసరు గారు ఒక మెలిక పెట్టినారు. సర్వే అయినాక పిల్లల లెక్క కాపీ ఒకటి మా ఆఫీసుకి కూడా ఇవ్వాలి.

ఆ మెలిక వెనక కథ ఏటంటే, కాలనీ స్కూల్లో తెలుగు సెక్షను ఒకటుంది. రెండు గదులు, ఒక టీచరమ్మ. హిందీ సెక్షనుకి గదులు చాలక ఆ రెండు గదుల మీద కన్ను పడింది. తెలుగు పిల్లలు నిజంగా ఉంటే ఉంచుతాం, లేకపోతే మూస్తాం అన్నది ఆఫీసరు గారి మాట. న్యాయమైన మాటే, కాదనను.

టీచరమ్మగారు కాకినాడ వైపు క్రైస్తవ కుటుంబం. తాతల కాలంలో రైలు పట్టాలతోపాటు ఖరగ్‌పూర్ వచ్చినవాళ్ళు. తెల్ల చీర, నల్ల గొడుగు. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. మా కాలనీలో సంతకం పెట్టగలిగిన ప్రతి ఆడదీ ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినదే, నా భార్యతో సహా. ఆవిడ హాజరుపట్టీలో నలభై ఒక్క పేర్లున్నాయి.

ఇంక మా కాలనీ గుట్టు చెప్పాలి. క్వార్టర్లో ఉద్యోగి, పెళ్ళాం, పిల్లలు ఉండాలి. కానీ శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడో బావమరిదో షడ్డకుడో ఉంటాడు కదా? వాడు పెళ్ళాంపిల్లలతో వెనక వరండాలో కాపురం పెడతాడు. రూలు ప్రకారం అది సబ్‌లెట్. దొరికితే ఛార్జిషీటు, క్వార్టరు ఖాళీ. అలాంటి వరండా కాపురం లేని ఇల్లు మా లైన్లో వెతికితే దొరికేది కాదు. ఆ పిల్లల్ని టీచరమ్మగారు మేనల్లుడు, మేనకోడలు, తమ్ముడి కొడుకు అని ఉన్నదున్నట్టు రాసి, క్వార్టరు నంబరు మాత్రం వదిలేసి బళ్ళో చేర్చుకునేది.

అందువల్ల కాలనీలో ఒక అలవాటుండేది. చేతిలో కాగితం, పక్కన రైల్వేవాడు, ఈ రెండూ కలిసి కనబడితే చాలు, కుళాయి దగ్గర ఎవరో ఒకావిడ "ఎంక్వైరీ!" అనేది. ఆ మాట లైను ఈ చివర పుడితే, మేం రెండో గుమ్మం ఎక్కేలోగా ఆ చివరికి చేరిపోయేది. వరండాల్లో మంచాలు నిలబెట్టేసి, ట్రంకుపెట్టెల మీద చీరలు కప్పేసి, పిల్లల్ని పెరటి గుమ్మంలోంచి మైదానానికి తోలేసేవారు. వాళ్ళకది పండగ, బేగి పరిగెత్తేవారు.

మరి సబ్‌లెట్లు పట్టుకోవలసిన ఇన్‌స్పెక్టరు ఎవరయ్యా అంటే, నేనే. నా క్వార్టరు వెనక వరండాలో ఎవరున్నారయ్యా అంటే, నా బావమరిది, వాడి పెళ్ళాం, ముగ్గురు పిల్లలు.

దీదీతో మొదటి రోజు పది ఇళ్ళు తిరిగేసరికే నాకర్థమైపోయింది. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "మా పిల్లలేనండి, ఒక్కడే ఒక్కడు." గోడ మీద ఆరు పలకసంచులు వేలాడుతున్నాయి, బళ్ళోకెళ్ళేది ఒక్కడే. పాపం ఆవిడ రాసుకుంటోంది. ఇది సర్వే తల్లీ, ఎంక్వైరీ కాదు అని నేను చెప్పవలసింది. నన్నొదిలేసి ఒక్కదానివే వెళ్ళు అని దీదీకైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకంటే పదకొండో ఇల్లు నాది.

నా ఇంటి ముందు నిలబడి ఆవిడ ఫారం తీసింది. "దాదా, మీ ఇంట్లో స్కూలుకెళ్ళే పిల్లలెంతమంది?" అని హిందీలో అడిగింది. నేను ఖాకీ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని, "ఒక్కడు" అన్నాను. వంటగది గుమ్మంలోంచి, చంకలో చంటిపిల్లతో, నా భార్య నన్నొక చూపు చూసింది. ఆ చూపుకి రూలు పుస్తకంలో సెక్షను లేదు గానీ శిక్ష ఉంది, మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

సర్వే అయిపోయింది. తెలుగు సెక్షనుకి వెళ్ళే పిల్లలు కాలనీ మొత్తం మీద పద్నాలుగు మంది అని తేలింది. దీదీ నిజాయితీగా కాపీ ఆఫీసులో ఇచ్చేసింది. హాజరుపట్టీలో నలభై ఒకటి, సర్వేలో పద్నాలుగు. ఆఫీసరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. మిగతా ఇరవై ఏడుగురూ దొంగ పేర్లు, సెక్షను నిలబెట్టుకోడానికి టీచరమ్మ లేని పిల్లల్ని పుట్టించింది అనుకున్నారు. ఆ కాగితాలు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆవిడకి నోటీసు వెళ్ళింది. పిల్లల్ని బళ్ళో కూర్చోబెట్టి చూపిస్తే చాలదు, మంగళవారం హాజరుపట్టీతో వచ్చి ఎవరు ఏ ఇంటివాళ్ళో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే సెక్షను మూత, ఆవిడ మీద చర్య.

శుక్రవారం సాయంత్రం ఆవిడ నోటీసు పట్టుకుని మా ఇంటికొచ్చింది. గొడుగు గోడకి చేరేసి కూర్చుంది.

"బాబూ, లేని పిల్లల్ని రాసినానంటన్నారు. ముప్పై ఏళ్ళలో ఒక్క గుంటడి హాజరు తప్పు రాయలేదు. వాన కురిసినప్పుడు ముగ్గురొస్తే ముగ్గురనే రాసినాను. నాకేటి తోచట్లేదు" అంది.

ఆవిడ ఆ మాట అంటుండగా నా బావమరిది కూతురు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి "నమస్తే టీచరమ్మా" అనీసి ఆవిడ ఒళ్ళో కూకుంది. ఆవిడ దాని తల నిమిరి నా మొహంలోకి చూసింది. ఆవిడకి తెలుసు. లెక్క ఎక్కడ తప్పిందో, ఎవరివల్ల తప్పిందో అంతా తెలుసు. కానీ ఒక్క క్వార్టరు నంబరు కూడా ఆవిడ నోట రాలేదు. టీ తాగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది, ఇది అలంకారానికి రాయడం లేదు, అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున్న ముగ్గురు పరిశోధకులూ ఒకేసారి మా ఇంటి ముందు వరండాలో కలిసినారు. బియ్యం దాదా డబ్బా తూచడానికొచ్చినాడు, టేపు మాస్టారు నా బావమరిది పిల్లల చేత మిగిలిన పాట పాడించుకోడానికొచ్చినాడు, దీదీ నోటీసు సంగతి విని పరిగెత్తుకొచ్చింది. నా భార్య ఇడ్లీలు పెట్టింది. తింటూ తింటూ బియ్యం దాదా తన కష్టం చెప్పుకోడం మొదలెట్టినాడు.

"మీ తెలుగువాళ్ళ తిండి నాకు అంతుబట్టడం లేదు. నలుగురున్న ఇంట్లో తొమ్మిదిమంది బియ్యం అయిపోతుంది. ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. వర్క్‌షాపులో బరువు పని చేస్తారు కాబట్టి అంత తింటారని ఒక పేపరు కూడా రాసి పంపించేసినాను." అంటూ నా వైపు తిరిగినాడు. "కానీ దాదా, మీరు కూర్చుని సంతకాలు పెడతారు కదా? మీ ఇంట్లో కూడా తొమ్మిదిమంది బియ్యమే!"

నేను చట్నీ వేసుకున్నాను. టేపు మాస్టారికి నవ్వాగలేదు. ఆయన అమాయకుడు, ఇందులో గుట్టేదో ఉందని ఆయనకి తెలియదు. "తొమ్మిదిమంది ఉంటే తొమ్మిదిమంది తినరా ఏంటండీ? ఈ ఇంట్లో నలుగురు పిల్లల చేత పాడించినాను నేను" అని టేపు నొక్కినాడు. పాట ముందు ప్రతి పిల్లా తన పేరు, ఊరు చెప్పుకోవాలని ఆయన రూలు. నా బావమరిది కూతురి గొంతు ఖంగుమని మోగింది. "మాది పలాస కాడ. ఇక్కడ మా మావయ్య ఇన్‌స్పెక్టరు. మేం ఎనక వరండాలో తొంగుంటాం. ఎవులైనా కాయితాలట్టుకుని వొస్తే మైదానానికి పారిపోతాం!" ఆ తర్వాత చెమ్మచెక్క పాట.

దీదీకి తెలుగు రాదు. కానీ మా అందరి మొహాలూ చూసి, "ఏమంటోంది?" అని అడిగింది. వంటగదిలోంచి నా భార్య గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"నే సెప్తాను దీదీ. ఈయన మీకు ఒక్కడన్నారు కదా? అబద్ధం. నలుగురు. లైనంతా అబద్ధమే. మీరు మంచోరే, మీ పక్కన నడిసినోడు ఇన్‌స్పెక్టరు. ఆయన్ని సూసి ఎవులు నిజం సెప్తారు? నానైతే సెప్పను." ఇదంతా సగం తెలుగు, సగం బెంగాలీ, మధ్యలో హిందీ. దీదీకి ఒక్క ముక్క పోకుండా అర్థమైంది.

ఆవిడ ఇడ్లీ పళ్ళెం కింద పెట్టేసింది. ఏడుస్తుందనుకున్నాను, తిట్టింది. బెంగాలీలో తిట్టింది, అది తీయని భాష అని ఎవరు చెప్పినారో గానీ వాళ్ళు ఆవేళ మా వరండాలో లేరు. రెండేళ్ళ పని, ఆరు వందల ఫారాలు, అన్నీ నీళ్ళపాలు. చివరికి ఊపిరి తీసుకుని అంది, "నా థీసిస్ పోతే మళ్ళీ రాసుకుంటాను దాదా. ఆ టీచరు పేరు పోతే ఎవరు రాసిస్తారు? మంగళవారం నేనొచ్చి నా లెక్క తప్పని చెప్తాను."

"సరైన లెక్క ఏదని అడుగుతారు. ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పమంటారు. అప్పుడేటి చేస్తావు?" అన్నాను.

ఆవిడ సంచీలోంచి ఫారాలు తీసి మళ్ళీ లోపల పెట్టింది. చెప్తే ఇరవై కుటుంబాలు రోడ్డు మీదికొస్తాయి. చెప్పకపోతే టీచరమ్మగారు దొంగ అవుతుంది. బియ్యం దాదా మాత్రం జేబులోంచి పెన్ను తీసి తన పేపరు కాపీ మీద ఏదో కొట్టేసుకుంటున్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో నా టేబుల్ దగ్గర కూర్చుని జాబితా రాసినాను. టేపు మాస్టారి దగ్గర పేర్లు తీసుకున్నాను, టీచరమ్మగారి పట్టీతో సరిచూసినాను. ఇరవై ఏడు పేర్లు, వయసు, తరగతి. చివర్న నివాసం అని ఒక గడి. ఆ గడి దగ్గర చాలాసేపు ఆగినాను. తర్వాత పైనుంచి కిందిదాకా ఇరవై ఏడుసార్లు ఒకటే క్వార్టరు నంబరు రాసినాను. నాది.

మంగళవారం ఆఫీసరు గారి గదిలో టీచరమ్మగారు హాజరుపట్టీ గుండెకి ఆనించుకుని నిలబడింది. దీదీ మాట తప్పకుండా వచ్చి, తన సర్వే తప్పని ఒప్పుకుంది. ఆఫీసరు గారు కోపిష్టి మనిషి కాదు, లెక్క మనిషి. "సరే, తప్పు. ఒప్పేది?" అన్నారు. నేను ముందుకెళ్ళి జాబితా టేబుల్ మీద పెట్టినాను.

ఆయన చదివినారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివినారు.

"ఇరవై ఏడుగురు. అందరూ ఒకే క్వార్టరా?"

"జీ సార్."

"నీ క్వార్టరు."

"జీ సార్."

"అది రెండు గదులది."

"వెనక వరండా కూడా ఉంది సార్."

టీచరమ్మగారు పక్కకి తిరిగి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు కనబడలేదు. ఆఫీసరు గారు జాబితా నా వైపు తిప్పినారు.

"ఇది రాతపూర్వకంగా ఇస్తున్నావు. దీనికి ఏమవుతుందో తెలుసా?"

"సబ్‌లెట్ కేసులు రాసేది నేనే కద సార్."

"ఠీక్ హై. రేపు ఎనిమిదింటికి నేనే వస్తాను. పిల్లలు కనబడాలి. కనబడకపోతే నువ్వూ పోతావు, ఈవిడా పోతుంది."

ఇంటికెళ్ళి భార్యకి చెప్పినాను. తిడుతుందనుకున్నాను. "ఇరవై ఏడుగురా? మరి పొద్దున్న టిఫినేటి పెట్టమంటారు?" అనేసి బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడూ పావుగంటలో నిండే బిందె ఆవేళ గంటన్నర నిండింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. వచ్చి, "వొస్తారో రారో నాకు తెల్దు. బయపడతన్నారు. ఎవులి బిడ్డలు ఆలకి ముఖ్యం కదా" అంది.

బుధవారం ఏడున్నరకి మా పెరట్లో నా బావమరిది పిల్లలు ముగ్గురే ఉన్నారు. పావు తక్కువ ఎనిమిదికీ ముగ్గురే. నేను యూనిఫారం వేసుకుని గుమ్మంలో నిలబడి, ఉద్యోగం పోతే గోల్‌బజార్లో ఏ కొట్లో గుమస్తాగా కుదరొచ్చునా అని ఆలోచించుకుంటున్నాను. అప్పుడు ఎదురింటి ఫిట్టరు భార్య వచ్చింది. ఆవిడ ఎంత భయస్తురాలంటే పోస్ట్‌మ్యాన్ వచ్చినా తలుపేసుకునేది. రెండు చేతుల్తో చెల్లెలి పిల్లలిద్దర్ని పట్టుకుని తీసుకొచ్చి, తలకి నూనె, మొహానికి పౌడరు, భుజాన పలకసంచీ, మా గేటులోకి తోసింది. "ఎల్లండర్రా, ఇదే మీ ఇల్లు ఇయాల" అంది. ఆ వెనక మరొకావిడ. ఆ వెనక ఇంకొకావిడ. దీదీతో నేను గుమ్మమెక్కిన రోజున నా కళ్ళల్లోకి చూసి ఒక్కడే అన్నవాళ్ళే, అందరూ. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినాయి.

ఆఫీసరు గారు సరిగ్గా ఎనిమిదింటికి జీపు దిగినారు. మంచాల మీద పిల్లలు, మెట్ల మీద పిల్లలు, జామచెట్టు మీద ఇద్దరు. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టినారు. ఇరవై తొమ్మిది వచ్చింది. రెండోసారి పెట్టినా ఇరవై తొమ్మిదే. తీరా చూస్తే పక్క లైను బెంగాలీ కుర్రాళ్ళిద్దరు తమాషా చూద్దామని వచ్చి వరసలో నిలబడిపోయినారు. వాళ్ళని తీసేస్తే లెక్క కుదిరింది.

ఆయన ఒక చిన్నపిల్ల ముందు వంగి, హిందీలో, "బేటీ, మీ అమ్మేది?" అని అడిగినారు.

ఆ పిల్ల వెనక్కి తిరిగి గేటు బయటికి వేలు చూపించింది. అక్కడ దడి పొడుగునా పాతికమంది ఆడవాళ్ళు నిలబడున్నారు. ఒక్కళ్ళు తల దించలేదు, ఒక్కళ్ళు ఇంట్లోకి పోలేదు. ఆఫీసరు గారు వాళ్ళని చూసినారు, వాళ్ళు ఆయన్ని చూసినారు. తర్వాత ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, నా భార్యని టీ అడిగినారు. తాగుతూ, "మీ ఇంటికి బియ్యం ఎంత పడుతుందయ్యా?" అన్నారు.

"కలకత్తా నుంచి ఒకాయన వచ్చి తూస్తున్నాడు సార్" అన్నాను.

హాజరుపట్టీ సరిగ్గా ఉంది అని ఆవేళ సాయంత్రమే ఆర్డరు రాసినారు. సెక్షను నిలబడింది. టీచరమ్మగారి మీద నోటీసు రద్దయింది. వారం తర్వాత నాకు ఛార్జిషీటు ఇచ్చినారు, ఒక్కడికే, నేను రాసిచ్చిన ఒక్క క్వార్టరు మీదే. ఆయన తల్చుకుంటే లైనంతా ఖాళీ చేయించొచ్చు, తల్చుకోలేదు. నా వెల్ఫేర్ సీటు తీసేసి స్టోర్సులో కంబళ్ళు, బకెట్లు లెక్కపెట్టుకోమని పంపించినారు. ప్రమోషను మూడేళ్ళు వెనక్కి పోయింది. బావమరిది కాలనీ బయట, ఇందా అనే పేటలో గది చూసుకున్నాడు. పిల్లలు అక్కణ్ణుంచి నడిచి బడికొచ్చేవారు, వానాకాలంలో కూడా.

దీదీ ఆరు వందల ఫారాలూ పక్కన పడేసి, మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలెట్టింది. ఈసారి పక్కన నేను లేను, చేతిలో ఫారం లేదు. నా భార్యతో కుళాయి దగ్గర కూర్చునేది. ఏడాది ఆలస్యమైంది గానీ డాక్టరేట్ వచ్చింది. జనం సర్వేల్లో అబద్ధాలెందుకు చెప్తారని అందులో ఒక అధ్యాయమే పెట్టిందట. నా అబద్ధం కలకత్తాలో లైబ్రరీకెక్కింది. బియ్యం దాదా పేపరు కూడా ఏదో పత్రికలో అచ్చయింది, కొట్టేసుకున్న కాపీ కాదు, ముందు పంపించేసినదే. తెలుగు రైల్వే కార్మికులు మహా భోజనప్రియులని ఆ ముక్క నమ్మేవాళ్ళు ఇంకా ఎక్కడో ఉండే ఉంటారు. టేపు మాస్టారి సంగతి తర్వాత తెలియలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాడిగా మిగిలిపోతాను. ఆ ఆశ నాకూ ఉంది గానీ, ఇంకొక్క ముక్క ఉంది.

తెలుగు సెక్షన్ని ఆ తర్వాత ఏ ఆఫీసరూ ముట్టుకోలేదు. అది మా చేతుల్లోనే పల్చబడింది. సుభాష్‌పల్లి వైపు ఇంగ్లీషు మీడియం బళ్ళు వచ్చినాయి, టై, బూట్లు, రిక్షా. మొదట ఫోర్‌మన్ల పిల్లలు వెళ్ళినారు, తర్వాత ఫిట్టర్ల పిల్లలు, తర్వాత వరండాల్లో వాళ్ళు కూడా. ఆ గేటు దగ్గర పాతికమందిలో నిలబడ్డ ఆడవాళ్ళే టీసీలు తెచ్చుకున్నారు. ఛార్జిషీటు నాటికి పాలు తాగే నా కూతురు ఒకటో తరగతికొచ్చింది. టీచరమ్మగారికి రిటైర్మెంటు ఇంకో నెల ఉందనగా, నేనూ వెళ్ళినాను.

ఆవిడ ఫారం ఇచ్చింది. నింపినాను. టీసీ ఎందుకు కావాలి అన్న గడిలో ఇంగ్లీషు మీడియంలో చేర్చడానికి అని రాసి, ఆవిడ ముందు పెట్టి, గోడ మీద దేశపటం చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివింది.

"ఈ ఏడాది పదిహేడు మంది పట్టుకెళ్ళినారు బాబూ. అందరూ ఊరెళ్ళిపోతన్నాం అని రాసినారు. రోజూ సాయంత్రం బజార్లో కనబడతారు, నన్ను సూసి పక్క సందులోకి తిరిగిపోతారు. నిజం రాసింది మీరొక్కరే" అంది.

సంతకం పెట్టింది. సిరా ఆరేదాకా కాగితం మీద మెల్లగా ఊది, మడతపెట్టి నా చేతికిచ్చింది.